జైల్లో ఎవరూ చావలేదు

నన్ను జైలుకు పంపింది పట్టుపురుగులు. ఈ మాట అంటే మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు గానీ, అబద్ధం మాత్రం కాదు. తొంభైల మధ్యలో మదనపల్లెలో మాకు పట్టుదారం తీసే చిన్న యూనిట్ ఉండేది. ఆడవాళ్ల సంఘం తరఫున ఒకసారి ఏదో మీటింగుకు పోతే, అక్కడ ఒక అధికారి సబ్ జైళ్లలో గజ్జి ఎంతకీ తగ్గడం లేదని, ఎన్ని మందులు పంపినా ఫలితం లేదని వాపోతున్నాడు. నా నోరు ఊరుకోదు కదా. "పురుగుల షెడ్డులో కూడా పురుగు పెరిగేకొద్దీ తట్టలు పెంచుతాం సార్. మీరు మనుషులందర్నీ ఒకే తట్టలో పోసి పైన మందు చల్లితే ఎట్లా తగ్గుతుంది?" అనేశాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. కొన్నాళ్లకు నా పేరిట కాగితం వచ్చింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం సబ్ జైళ్లకు నన్ను అనధికార సందర్శకురాలిగా, అంటే సర్కారు ఉద్యోగి కాని సందర్శకురాలిగా, వేశారు.

జీతం లేదు, జీపు లేదు, ఎవర్నీ మందలించే అధికారం లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు జైలుకు పోవచ్చు. ఖైదీలతో మాట్లాడవచ్చు, వాళ్లు తాగే నీళ్లు, తినే తిండి, పడుకునే చోటు చూడవచ్చు. చూసింది రాసి పైకి పంపాలి. నేను పోలీసునూ కాదు, జైలు మనిషినీ కాదు, కాబట్టి నాతో ఖైదీలు నిజం చెబుతారని పైవాళ్ల ఆశ. మా ఆయన ఆ కాగితం చదివి, "నీ నోటికి తగిన ఉద్యోగమే దొరికిందిలే, ఇంక నాకు కాస్త తెరిపి" అన్నాడు.

మొదట్లో ముందుగా చెప్పి పోయేదాన్ని. గేటు దగ్గరికి రాగానే తడిసున్నం వాసన ముక్కుకు కొట్టేది. లోపల అందరూ వరసగా కూర్చుని ఉండేవాళ్లు. ఏం అడిగినా ఒకటే జవాబు. "అంతా బాగుండాది మేడమ్." అంత బాగుంటే అందరూ జైల్లోనే కాపురం పెట్టొచ్చు కదా అని ఒళ్లు మండేది. నాలుగైదుసార్లు ఆ వేషం చూశాక చెప్పకుండా పోవడం మొదలుపెట్టాను. వంట అయ్యే వేళకు పోయి, సంగటి ముద్ద నాకూ ఒకటి పెట్టమనేదాన్ని. చాలా చోట్ల సంగటి బాగానే ఉండేది. దాని పక్కన పోసేదాన్ని పప్పు అనడానికి మాత్రం మంచి మనసు కావాలి. కుప్పంలో ఒకాయన ఆ చారును నా ముందే తెలుగులో మొదలుపెట్టి, తమిళంలోకి పోయి, కన్నడంలో ముగించి తిట్టాడు. మూడు భాషల్లోనూ నాకు బాగానే అర్థమైంది.

నా పద్ధతి ఒకటుండేది. పుంగనూరు పక్క పల్లెలో మా పుట్టింటివాళ్లు పురుగులు మేపేవాళ్లు. షెడ్డులోకి పోయేముందు బ్లీచింగు నీళ్లలో కాళ్లు తడుపుకుని, గడప దగ్గర నిలబడి కళ్లు మూసుకుని ఒకసారి గట్టిగా గాలి పీల్చమని మా అమ్మ నేర్పింది. తెగులు కంటికి కనబడకముందే వాసనలో తెలిసిపోతుంది. ఆకు వాసన మారుతుంది. జైలు గదుల దగ్గరా నేను అదే చేసేదాన్ని. నేను గడపలో కళ్లు మూసుకుని నిలబడితే దండం పెట్టుకుంటున్నానని వార్డర్లు పక్కకు తప్పుకునేవాళ్లు. ఆ వాసన పట్టుకుని నేను రాసిన దాంతోనే ఒకచోట కిటికీ పెద్దదైంది, ఒకచోట మరుగుదొడ్డికి తలుపు వచ్చింది, ఒకచోట తాగే నీళ్ల కుండకు మూత వచ్చింది. పదేళ్లకు పైగా తిరిగి సాధించింది ఇంతేనా అంటే, ఇంతే. పోయిన ప్రతిసారీ సంతోషంగానే పోయేదాన్ని.

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది అది మారిపోయింది. అది దేశాలన్నీ చుట్టుకొచ్చిన జబ్బు. టీవీలో రోజంతా ముక్కుకు గుడ్డలు కట్టుకున్న మొహాలే. మదనపల్లె టమోటా మార్కెట్లో హమాలీలు కూడా తువ్వాలు మూతికి చుట్టుకుని గంపలు మోశారు. పల్లెల్లో దాన్ని పందిజరం అనేవాళ్లు. జైళ్లలో చేసిన మొదటి పని ములాఖత్‌లు ఆపేయడం. ఇంటివాళ్లు వచ్చి ఊచల ఇవతల నుంచి మాట్లాడేది లేదు, ఇంటి కూడు లోపలికి పోయేది లేదు. రెండో పని నన్ను ఆపడం. "మీ ఆరోగ్యం కోసమే మేడమ్, తగ్గినాక వద్దురు గానీ" అని ఫోనులో తియ్యగా చెప్పారు. అందరూ లోపలికి పోవడం మానేసినప్పుడే కదా ఎవరో ఒకరు పోయి చూడాల్సింది. నోరు పారేసుకున్నాను. నన్ను రావద్దని ఉత్తర్వు ఉంటే చూపించమన్నాను. లేదు. మూతికి గుడ్డ కట్టుకుని బస్సెక్కాను.

ఇక్కడినుంచి నేను చెప్పే జైలు ఆ మూడింట్లో ఏదో చెప్పను. చెప్పినందువల్ల ఇప్పుడెవరికీ ఒరిగేది లేదు.

గడపలో నిలబడి గాలి పీల్చగానే నాకు తెలిసిపోయింది. చెమట, పాత కంబళ్లు, జ్వరం పట్టిన నోళ్ల వాసన. పదిమంది పట్టే గదిలో మనుషులు ఒకరి కాళ్లు ఒకరికి తగిలేలా పడుకుని ఉన్నారు. ఎవరికైనా ఒంట్లో బాగలేదా అంటే ఎవరూ నోరు మెదపలేదు. ఒక కుర్రవాడు దగ్గు ఆపుకుని ఆపుకుని కళ్లలో నీళ్లు తెచ్చుకున్నాడు. తర్వాత అర్థమైంది. దగ్గినవాణ్ని వాయిదాకు కోర్టుకు తీసుకుపోవడం లేదు. కోర్టుకు పోకపోతే బెయిలు లేదు. అందుకని అందరూ దగ్గును మింగేస్తున్నారు.

మూల గోడకు ఆనుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. గొర్రెలు మేపుకునే మనిషి. పక్క పొలంవాడు తన బోరు పక్కనే ఇంకో బోరు లోతుగా వేయించేసరికి ఈయన బోరు ఎండిపోయింది. మాటామాటా పెరిగి చేతిలో కట్టెతో ఒక్కటి వేశాడు. అవతలివాడి చెయ్యి విరిగింది. అదీ ఆయన నేరం. బెయిలు వచ్చి చాలా రోజులైంది, కానీ భూమి ఉన్న ఇద్దరు జామీనుదార్లు పాసుపుస్తకాలతో కోర్టుకు వచ్చి నిలబడాలి. వాళ్లు రాలేదు. అందుకని బెయిలు వచ్చిన మనిషి జైల్లోనే ఉన్నాడు.

చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. "ఎన్నాళ్లనుంచి అప్పా జ్వరం?" అన్నాను.

"జరమేం లేదు తల్లీ. కూడు పడక నీరసం. మా ఇంటిది సంగటి తెచ్చేది. ఆపేసినారు కదా." కాసేపు ఊపిరి పీల్చుకుని, "నువ్వు బయట తిరిగేదానివి. మా ఊరికి పోయి మా బామ్మర్దిని రమ్మని సెప్పు తల్లీ. ఇంటికి పోవాల నేను. ఇంగేం వద్దు" అన్నాడు.

సూపరింటెండెంట్‌ను అడిగితే, మామూలు జలుబు అన్నాడు. డాక్టర్ను పిలవమన్నాను. పిలుస్తాం అన్నాడు. ఆ పిలవడం ఏ సంగతో నాకు తెలుసు. ఆయన్ని బతికించడానికి ముందు బయటికి తేవాలనుకుని, ఆ మధ్యాహ్నమే వాళ్ల ఊరికి పోయాను.

బస్సు దిగి మట్టిరోడ్డున కొంత దూరం పోగానే, పొలిమేర రాయి దగ్గర వేపమండలు కట్టిన తాడు అడ్డంగా ఉంది. అవతల నలుగురైదుగురు మగవాళ్లు, వాళ్ల వెనక ఆడవాళ్లు. "ఆడే నిలబడమ్మా, లోపలికి రావాకు" అన్నారు. వాళ్ల ఊళ్లో గంగమ్మ జాతరకు చాటింపు పడింది. మా జిల్లాలో ఈ కట్టుబాటు చిన్నపిల్లలకు కూడా తెలుసు. డప్పు కొట్టి చాటింపు వేశాక, జాతర ముగిసి అమ్మవారిని సాగనంపేదాకా ఊళ్లోవాళ్లు పొలిమేర దాటకూడదు. దాటినవాళ్లు మళ్లీ లోపలికి రాకూడదు. బయటివాళ్లు ఊళ్లో నిద్ర చెయ్యకూడదు. మామూలుగా జాతర ఎండాకాలంలో జరుగుతుంది. ఆ ఏడు పందిజరం భయానికి గంగమ్మకు మొక్కుకుని, వానలు పడే కాలంలోనే ఇంకో జాతర పెట్టుకున్నారు.

నవ్వే పని కాదది. మేము షెడ్డు గుమ్మంలో బ్లీచింగు పోసేదీ అందుకే, వాళ్లు వేపమండ కట్టిందీ అందుకే. నా కాళ్లమీద పసుపునీళ్లు కుమ్మరించారు. నిలబడి పోయించుకున్నాను.

బామ్మర్ది ముందుకొచ్చాడు. మంచి మనిషే అని మొహం చూస్తేనే తెలుస్తుంది. సంగతంతా చెప్పాను. ఆయన తల వంచుకుని విన్నాడు.

"నేను రాలేనమ్మా. సాటింపు పడింది."

"మీ అక్కమొగుడు అక్కడ జ్వరంతో పడి ఉన్నాడప్పా. నువ్వూ ఇంకొకరూ కోర్టుకు వచ్చి సంతకం పెడితే బయటికి వస్తాడు."

"నాకు తెలీదా అమ్మా? గడపగడపకీ పిల్లోళ్లు ఉండారు. నేను దాటిపోయినాక రేపు ఎవురికి జరమొచ్చినా నా మొగమే సూస్తారు. నేనీ ఊళ్లో బతకాల గదా."

"మరి ఆయన అక్కడ పోతే ఎవరి మొహం చూస్తారు?"

ఆయన మొహం తిప్పుకున్నాడు. నాకు కోపం ముంచుకొచ్చింది. గంగమ్మ కూడా ఆడదే, ఒక మనిషి ప్రాణం కోసం గీత దాటితే తప్పు పట్టదు అని అరిచాను. ముసలివాళ్లు చెవులు మూసుకున్నారు. అప్పుడు వెనకనుంచి ఒకామె ముందుకొచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. కొంగు నెత్తిన వేసుకుంది. ఆయన భార్య.

"కూడు తింటాండాడా అమ్మా?" అంది.

"తింటున్నాడు. కొంచెం కొంచెం."

"నా సేతి సంగటి తప్ప తినడు ఆయప్ప. గొడ్డుకారం నూరి పెట్టాల పక్కన." ఇంకేం అడగలేదు. భూమి ఆయన పేరిటే ఉంది కాబట్టి ఆమె జామీను నిలబడడానికి పనికిరాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తాడు మీద చెయ్యి వేసి నన్నే చూస్తూ నిలబడింది. "ఏదో ఒకటి చేస్తాలే అమ్మా, నువ్వు ధైర్యంగా ఉండు" అని చెప్పి వెనక్కి తిరిగాను.

మరునాడు జైలుకు పోయేసరికి ఆయన కూర్చోవడం కూడా మానేశాడు. ఇక నేను ఊరుకోలేదు. డాక్టర్ వచ్చేదాకా గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటానని, ఎవరు వచ్చి అడిగినా ఎందుకు కూర్చున్నానో చెబుతానని అన్నాను. డాక్టర్ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి చూసి, ఇది ఆ జ్వరమే కావచ్చు, ఊపిరితిత్తులు పట్టేసినట్టున్నాయి అని సూపరింటెండెంట్ చెవిలో చెప్పాడు.

ఆ మాటతో ఆ జైలు తీరే మారిపోయింది. నిన్నటిదాకా నీళ్లు నమిలిన సూపరింటెండెంట్ తానే ఫోన్లు చేశాడు. తానే లాయర్ను పిలిపించాడు. జామీనుదార్లు రాలేని పరిస్థితి కాబట్టి సొంత పూచీకత్తు మీద వదలమని పిటిషను రాయించాడు. మేజిస్ట్రేటు గారు దయగల మనిషి. డాక్టరు మాట విని వెంటనే సరేనన్నారు. నేను ఇదంతా నా నోటి మహిమే అనుకుని లోలోపల మురిసిపోయాను.

గేటు బయట ఆటో పెట్టించాను. ఇద్దరు వార్డర్లు ఆయన్ని రెక్కల కింద పట్టుకుని తెచ్చి ఎక్కించారు. సూపరింటెండెంట్ నాకు చేతులు జోడించి, "చాలా థాంక్స్ మేడమ్. మీవల్ల పెద్ద తలనొప్పి తప్పింది" అన్నాడు. ఆస్పత్రికి జైలు తరఫున ఎవరు వస్తున్నారని అడిగాను. ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "ఆయన విడుదలైపోయినాడు కదా మేడమ్. ఇంక మా మనిషి కాదు."

ఆటోలో కాళ్లు సర్దుతూ ముసలి వార్డరు నాకు మాత్రమే వినబడేలా అన్నాడు. "లోపల పోయుంటే మాకు విచారణలు, వాంగ్మూలాలు. మా నౌకరీలు పొయ్యేవి. మంచిపని సేసినావమ్మా." ఆ మాట విన్నాక నాకు అంతా అర్థమైంది. ఖైదీ జైల్లో పోతే ఎందుకు పోయాడని పైనుంచి అడుగుతారు. బయట పోతే అడిగేవాడే లేడు. ఇన్నాళ్లూ బెయిలు వచ్చి పడున్న మనిషికి ఆ ఒక్కరోజులో దారులన్నీ తెరుచుకున్నది అందుకు. కానీ ఆటో దిగి పోట్లాడే వేళ కాదది. పక్కన మనిషి గురగురమని ఊపిరి తీస్తున్నాడు.

ఆ ఊరి ఆస్పత్రిలో మావల్ల కాదన్నారు. అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపారు. నేనూ ఎక్కాను. దారిలో ఆయనకు కొంచెం తెలివి వచ్చింది. ఇంటికి పోతున్నామని అనుకుని సంతోషపడతాడనుకున్నాను. కంగారుపడ్డాడు.

"ఊరికా తల్లీ?"

"కాదప్పా, ఆస్పత్రికి. తగ్గినాక ఊరికి."

"ఊరికి వద్దు. సాటింపు పడిందంట గదా, వార్డరు సెప్పినాడు. ఈ జరం నేను ఊళ్లోకి మోసుకపోకూడదు. మనవరాలుండాది ఇంట్లో." నిన్న ఇంటికి తప్ప ఇంకేం వద్దన్న మనిషి ఈయనే. ఆ బామ్మర్దిమీద నేను అరిచిన అరుపులన్నీ గుర్తొచ్చాయి.

పెద్దాసుపత్రిలో ఆయన్ని వేరే గదిలో పెట్టారు. మాస్కు కట్టుకుని తలుపు దగ్గర నిలబడనిచ్చారు నన్ను. నా సెల్ఫోను నుంచి ఆ ఊళ్లో అంగడికి ఫోను చేశాను. ఆయన విడుదలయ్యాడని, పెద్దాసుపత్రిలో ఉన్నాడని, భార్యకు చెప్పమని అన్నాను. అంగడాయన అటు కేకేసి ఎవరితోనో మాట్లాడి వచ్చి, "ఆమె ఊళ్లో లేదమ్మా. ఈ సాయంత్రమే తాడు దాటేసి పోయింది. ఆయన దగ్గరికే పోయుంటాదంట, వాళ్ల కోడలు సెప్తా ఉండాది" అన్నాడు.

నా గుండె తేలికైంది. ఎంత ధైర్యం చేసింది, జైలు దగ్గర అడిగితే ఇటు పంపుతారులే అనుకున్నాను. ఊరంతా ఆగిన చోట ఆమె ఆగలేదు. తలుపు దగ్గరికి పోయి ఆయనకు చెప్పాను. "నీ భార్య బయలుదేరిందప్పా. వస్తా ఉంది."

ఆయన మొహం అప్పుడు చూడాలి. "ఊరు దాటిందా? తిడతారే దాన్ని" అన్నాడు గానీ, ఆ తిట్టేవాళ్ల గురించి ఆయనకు ఏ చింతా లేదు. చెయ్యి ఎత్తి గడ్డం తడుముకున్నాడు. బాగా మాసిపోయుందని అనుకున్నాడేమో. ఆ తర్వాత తలుపు వైపు తిరిగి పడుకున్నాడు. నర్సు ఎటు తిప్పినా మళ్లీ తలుపు వైపే తిరిగేవాడు.

నేను వరండాలన్నీ వెతికాను. గేటు దగ్గర కాపలావాణ్ని, టీ అంగడివాణ్ని, చీటీలు రాసేచోటున్న ఆమెను అడిగాను. సన్నగా, పొడుగ్గా, నెత్తిన కొంగు వేసుకున్న పల్లెటూరామె. అట్లాంటివాళ్లు అక్కడ వందమంది ఉన్నారు. ఆమె మాత్రం లేదు. ఆ పూట రాలేదు. మరునాడూ రాలేదు. నాకు విసుగొచ్చింది, ఆమెమీద కోపం కూడా వచ్చింది. ఎక్కడ తిరుగుతోంది ఈ మనిషి అనుకున్నాను. తలుపు దగ్గరికి పోయినప్పుడల్లా ఆయన అదే అడిగేవాడు. "మా ఇంటిది వచ్చినాదా?" వస్తా ఉందప్పా, దారిలో ఉంది, బస్సులు సరిగ్గా లేవు అనేదాన్ని. చివరికి అడగడం మానేశాడు. ఊపిరి చాలక మానేశాడు. చూపు మాత్రం తలుపు మీదే ఉంది. పట్టపగలు, బయట జనం అన్నాలు తింటున్న వేళకు, అట్లా చూస్తూనే పోయాడు. ఏ జ్వరమో పరీక్ష తేల్చనేలేదు.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పేస్తాను. ఆ తర్వాత జరిగింది చెప్పాక నాకు ఇంకేం చెప్పబుద్ధి కాదు. ఆ జబ్బు తగ్గుముఖం పట్టాక అధికారులు ఒక మీటింగు పెట్టారు. మా ప్రాంతపు సబ్ జైళ్లలో ఈ జ్వరానికి ఒక్క ఖైదీ కూడా చనిపోలేదని, ఇది సిబ్బంది పడ్డ కష్టమని ఒకాయన మైకులో చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నేను లేచి, ఒకాయన పోయాడు, ఆయన చేతిని నేను పట్టుకున్నాను అన్నాను. "అది బయట జరిగింది కదమ్మా" అన్నారు. మర్యాదగానే అన్నారు. నిజమే, జైల్లో ఎవరూ చావలేదు. ఆయన గురించి నేను రాసి పంపిందానికి జవాబు రాలేదు. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు ఆ మూడు జైళ్లకూ పోతూనే ఉన్నాను. ఎవర్నైనా హడావిడిగా విడుదల చేస్తున్నారంటే మాత్రం నాకు భయం వేసేది. వెంటబడి, ఈ మనిషి ఎక్కడికి పోతున్నాడు, ఇంటివాళ్లకు ఎవరు చెప్పారు అని పీక్కుతినేదాన్ని. సందర్శకురాలి పని గేటు లోపలే మేడమ్ అని నాకు గుర్తుచేసేవాళ్లు.

శవాన్ని ఒక వ్యానులో వేసుకుని వాళ్ల ఊరికి బయలుదేరాను. ఎవరో ఒకరు ఆయన్ని ఇంటికి చేర్చాలి కదా. ఆమె కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాను, దారిలో ప్రతి బస్టాపులో తల బయట పెట్టి చూస్తూనే ఉన్నాను. జాతర ఇంకా ముగియలేదు. పొలిమేర రాయి దగ్గర వేపమండల తాడు అట్లాగే ఉంది. తాడుకు ఇవతల, రోడ్డు పక్కన పోసిన కంకర కుప్ప దగ్గర, మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంది.

ఆమే. వ్యాను ఆగగానే లేచి నిలబడి, కొంగు సర్దుకుని నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, ఆయప్ప యాడుండాడు? జైలుకాడికి పోతే, విడుదలైపోయినాడు పో, అనిరి. యాడికి పోయినాడంటే, ఇంటికే పోయుంటాడు, ఇంగ యాడికి పోతాడు, అనిరి. ఉరుకులు పరుగుల మీద వచ్చినాను. ఊళ్లోకి నన్ను రానీలేదు, దాటినావు గదా అని. ఆయన్నీ రానీరు. వచ్చి ఒక్కడే నిలబడతాడు గదా అని ఈడే కూచున్నాను."

పొయ్యిమీద కుండ ఉంది. కోడలు తాడు దగ్గర రాగిపిండి పెట్టి వెనక్కి పోతే, ఈమె తీసుకుని రోజూ సంగటి కెలికి పెట్టిందట. ఆకులో గొడ్డుకారం కూడా ఉంది. అవతల ఊరివాళ్లు ఒక్కొక్కరే తాడు దగ్గరికి చేరారు. నా ఫోను వచ్చినప్పుడు వాళ్లందరూ ఈమె ఆయన దగ్గరికి పోయిందనే అనుకున్నారు. వెనక్కి వచ్చి ఇక్కడ కూర్చున్నాక, విడుదలైనాడంట, వస్తాడు అని ఈమె చెబితే నమ్మారు. ఆస్పత్రి మాట అంగడాయనకు, కోడలికి తెలుసు. అంగడాయన పొలిమేర దాకా రాలేదు, విడుదలైనాడంటే ఆస్పత్రి నుంచి విడుదలైనాడనుకుంది ఆ కోడలు. ఎవరినని తిట్టను?

నేను ఏమీ చెప్పకుండానే ఆమె వ్యాను వెనక తలుపు వైపు చూసింది. డ్రైవరు తెరిచాడు. ఆమె అరవలేదు. దగ్గరికి పోయి, దుప్పటి తీసి, మొహం చూసింది. గడ్డం మీద చెయ్యి వేసి అట్లాగే ఉంచింది. అవతల బామ్మర్ది తాడు దాటి వచ్చేశాడు. ఎవరూ ఆయన్ని ఆపలేదు. నేల మీద కూలబడి తల బాదుకుంటూ ఏడ్చాడు.

చాలాసేపటికి ఆమె నావైపు తిరిగింది.

"జైల్లోనే ఉండింటే యాడుండాడో తెలిసిండేది గదమ్మా నాకు" అంది. నేను తల వంచుకున్నాను.

"నన్నేమన్నా అడిగినాడా?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. రాలేదు.

"అడిగాడమ్మా. వచ్చినాదా, వచ్చినాదా అని అడుగుతూనే ఉన్నాడు. వస్తా ఉంది, దారిలో ఉంది అని చెప్పాను."

ఆమె ఆ పొయ్యివైపు, కంకర కుప్పవైపు, ఊరివైపు చూసింది.

"ఈడనే ఉంటిని గదమ్మా" అంది.